అఫ్లాతూన్: ఎవరి పని వాళ్లు చేసుకోవడమే ఇన్సాఫ్ అన్నవాడు

ఇంట్లో కుర్రాడు కాస్త ఎక్కువ తెలివి చూపించబోతే మన పెద్దవాళ్లు వాణ్ని అఫ్లాతూన్ అనేస్తారు. అందులో సగం ముద్దు, సగం వెటకారం. రంజాన్‌లో ముంబై నుంచి వచ్చే చుట్టాలు తెచ్చే నేతి మిఠాయికీ అదే పేరు. ఇన్ని రకాలుగా మన నోళ్లలో నానుతున్న ఆ పేరు నిజానికి ఒక మనిషిది. రెండువేల నాలుగువందల ఏళ్ల కిందట గ్రీసులోని ఏథెన్స్ నగరంలో పుట్టినవాడు. గ్రీకులు ప్లాటోన్ అన్నారు. అరబీలో ప అక్షరం లేదు, మాట మొదట్లో రెండు హల్లులు కలిసి రావు. అందుకని అక్కడ అఫ్లాతూన్ అయ్యాడు. మన స్కూలు పుస్తకాల్లో ప్లేటో. అతని గురువు సోక్రటీస్‌ని ఉర్దూలో సుఖ్రాత్ అంటారు, శిష్యుడు అరిస్టాటిల్‌ని అరస్తూ అంటారు.

ఈ ప్లేటో జీవితమంతా ఒకే ప్రశ్న పట్టుకుని తిరిగాడు. ఇన్సాఫ్ అంటే ఏమిటి? చివరికి ఇచ్చిన జవాబు వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. ఎవరికి ఏ పని సహజంగా వస్తుందో వాళ్లు ఆ ఒక్క పనే చెయ్యాలి, పక్కవాడి పనిలో వేలు పెట్టకూడదు, అదే న్యాయం అన్నాడు. ఈ మాట ఇవాళ ఏ దుకాణం అరుగు మీద కూర్చున్నా వినిపిస్తుంది. కానీ ప్లేటో ఈ జవాబు దగ్గరికి సుఖంగా రాలేదు. సొంత మామలు చేసిన హత్యలు, గురువు తాగిన విషం, తనే ఒకసారి బానిసల సంతలో నిలబడాల్సి రావడం, ఇవన్నీ దాటి వచ్చాడు.

పెద్దింటి బిడ్డ

ప్లేటో క్రీ.పూ. 428లోనో 427లోనో పుట్టాడు. తండ్రి పేరు అరిస్టన్, తల్లి పెరిక్టియోని. ఏథెన్స్‌కి చట్టాలు రాసిన సోలన్ కుటుంబంతో తల్లివైపు వాళ్లకు చుట్టరికం ఉంది. గ్లౌకాన్, అడిమాంటస్ అని ఇద్దరు అన్నలు, పొటోని అని ఒక తోబుట్టువు. తండ్రి చిన్నప్పుడే పోతే తల్లి పిరిలాంపీస్ అనే పెద్దమనిషిని పెళ్లి చేసుకుంది. అతను ఏథెన్స్‌ని నడిపించిన పెరిక్లీస్‌కి స్నేహితుడు. అంటే సవతి తండ్రి వైపు ప్రజాస్వామ్యం వాళ్లు, తల్లివైపు పెద్ద కుటుంబాల దర్జా వాళ్లు. భోజనాల దగ్గర ఏం మాట్లాడుకునేవాళ్లో ఊహించుకోవచ్చు.

అతను పుట్టేసరికే స్పార్టాతో యుద్ధం నడుస్తోంది. 431లో మొదలైన ఆ యుద్ధం 27 ఏళ్లు సాగింది. మధ్యలో మహమ్మారి వచ్చి నగరంలో జనం కుప్పలు కుప్పలుగా పోయారు. అంటే ప్లేటో పసితనం, చదువు, యవ్వనం అన్నీ యుద్ధం కిందే గడిచాయి.

అప్పటి ఏథెన్స్ వింత ఊరు. కొండమీద సభ జరిగితే చెప్పులు కుట్టేవాడూ లేచి మాట్లాడొచ్చు, ఓడల యజమానీ మాట్లాడొచ్చు. చాలా పదవులకు చీటీలు తీసి మనుషుల్ని ఎంచుకునేవాళ్లు. కోర్టులో తీర్పు చెప్పేది చదువుకున్న జడ్జీ కాదు, వందల మంది మామూలు పౌరులు. ఆ రోజుకి పని మానుకుని వచ్చినందుకు వాళ్లకు కూలి డబ్బులు ఇచ్చేవాళ్లు. అయితే పౌరుడంటే వయసొచ్చిన మగవాడు మాత్రమే. ఆడవాళ్లు కాదు. బానిసలు కాదు. బయటి ఊళ్ల నుంచి వచ్చి తరాలుగా అక్కడే బతుకుతున్నవాళ్లూ కాదు. వాళ్లను మెటిక్‌లు అనేవాళ్లు. మెటిక్ పన్ను కట్టాలి, యుద్ధానికి వెళ్లాలి, వ్యాపారం చేసుకోవచ్చు. కానీ మామూలుగా భూమి కొనడానికి వీల్లేదు, సభలో నోరెత్తడానికి వీల్లేదు. ఏథెన్స్ ఓడలకు డబ్బు తెచ్చిన లారియన్ వెండి గనుల్లో వేలమంది బానిసలు నేల లోపల పాకుతూ పనిచేసేవాళ్లు.

404లో ఏథెన్స్ ఓడిపోయింది. గెలిచిన స్పార్టా అండతో 30 మంది పెద్దలు అధికారం పట్టుకున్నారు. వాళ్లకు నాయకుడు క్రిటియాస్, ప్లేటో తల్లికి తండ్రి సోదరుడి కొడుకు, అంటే వరుసకు మామ. సొంత మేనమామ ఖార్మిడీస్ కూడా వాళ్లతోనే ఉన్నాడు. ప్లేటోకి అప్పుడు ఇరవై నాలుగేళ్లు ఉంటాయి. రమ్మని అతన్నీ పిలిచారు. చెడిపోయిన పాలనను ఇప్పుడు తెలిసినవాళ్లు చేతిలోకి తీసుకున్నారు, బాగుచేస్తారేమో అని కుర్రాడు ఆశపడ్డాడు. అతని పేరుతో మిగిలిన ఒక ఉత్తరంలో ఈ సంగతి ఉంది. ఆ ఉత్తరం అతనే రాశాడా లేదా అని పండితులు ఇంకా వాదించుకుంటారు గానీ, అందులోని సంఘటనలు మిగతా చరిత్రతో సరిపోతాయి.

ఎనిమిది నెలల్లో ఆ ముప్పైమంది దాదాపు 1500 మందిని చంపించారు. డబ్బున్న మెటిక్‌ల మీద పడి ఆస్తులు లాక్కున్నారు. తమ నేరాల్లో భాగం పంచడానికి సోక్రటీస్‌ని కూడా పిలిచి, లియాన్ అనే మనిషిని పట్టుకురమ్మని పంపారు. సోక్రటీస్ ఆ పనికి పోకుండా నేరుగా ఇంటికి వెళ్లిపోయాడు. అదంతా చూశాక ప్లేటో మామల దగ్గర్నుంచి తప్పుకున్నాడు.

403లో ప్రజాస్వామ్యం మళ్లీ వచ్చింది. వచ్చినవాళ్లు పగ తీర్చుకోకుండా చాలావరకు క్షమించారు. ఇది మెచ్చుకోవాల్సిన విషయమే, ప్లేటో వైపు నుంచి కూడా మెచ్చుకోలు ఉంది. కానీ నాలుగేళ్లు తిరగకుండానే, 399లో, అదే ప్రజాస్వామ్యం డెబ్భై ఏళ్ల సోక్రటీస్‌ని కోర్టుకీడ్చింది. నగరం నమ్మే దేవుళ్లను నమ్మడం లేదని, కుర్రాళ్లను పాడుచేస్తున్నాడని నేరారోపణ. సుమారు 500 మంది జ్యూరీ కూర్చుని, ఓట్లు వేసి, మరణశిక్ష ఖాయం చేసింది. సోక్రటీస్ రాళ్లు చెక్కే మేస్త్రీ కొడుకు, తల్లి కాన్పులు చేసే మంత్రసాని. ఎవరి దగ్గరా ఫీజు తీసుకోకుండా వీధుల్లో ప్రశ్నలు అడుగుతూ తిరిగిన మనిషి. విషం గిన్నె తాగిన రోజు శిష్యులు చాలామంది పక్కనే ఉన్నారు. ప్లేటో లేడు. ఆ రోజు తనకు ఒంట్లో బాగాలేదని తన రచనలోనే ఒక్క ముక్కలో రాసి వదిలేశాడు. తన గురించి తను రాసుకున్న మాటలు అతని గ్రంథాలన్నిటిలో ఇలాంటివి రెండో మూడో, అంతే.

సంతలో ఒక తత్వవేత్త

గురువు పోయాక ప్లేటో ఏథెన్స్‌లో ఉండలేకపోయాడు. ముందు మెగారా, ఆ తర్వాత చాలా ఊళ్లు. దక్షిణ ఇటలీలోని టరెంటమ్‌లో అర్కిటస్ అనే లెక్కల పండితుడు కలిశాడు. అతను ఊరికి సేనాపతి కూడా. లెక్కలు తెలిసినవాడు ఊరు నడిపితే ఎలా ఉంటుందో ప్లేటో అక్కడ కళ్లారా చూశాడు. నలభై ఏళ్ల వయసులో సిసిలీ ద్వీపంలోని సిరాక్యూస్‌కి వెళ్లాడు. అక్కడ మొదటి డయోనీసియస్ అనే నియంత పాలిస్తున్నాడు. అతని బావమరిది డియాన్, అప్పటికి ఇరవై ఏళ్ల కుర్రాడు, ప్లేటో మాటలకు కట్టుబడిపోయాడు. నియంతకు మాత్రం ఆ మాటలు గిట్టలేదు. రాజు దగ్గర రాజరికం తప్పులు మాట్లాడితే ఏమవుతుందో అదే అయింది. తర్వాతి కాలపు చరిత్రకారులు చెప్పేదాని ప్రకారం ప్లేటోని ఓడ ఎక్కించి పంపేశారు, ఏజీనా ద్వీపంలో బానిసగా అమ్మకానికి పెట్టారు. సిరీన్ ఊరివాడు అన్నికెరిస్ గుర్తుపట్టి, డబ్బు కట్టి విడిపించాడు. స్నేహితులు ఆ డబ్బు తిరిగి ఇవ్వబోతే అతను తీసుకోలేదట. ఆ సొమ్ముతోనే ఏథెన్స్ బయట తోట కొన్నారని ఒక కథ.

కథలో నిజం ఎంతో గానీ తోట మాత్రం నిజం. నగరం గోడకు బయట, అకాడెమస్ అనే పాత వీరుడి పేరున్న చెట్ల తోపు దగ్గర, 387 ప్రాంతంలో ప్లేటో పాఠాలు మొదలుపెట్టాడు. ఇవాళ ప్రపంచంలో ఏ మూల ఎవరు అకాడమీ అని బోర్డు పెట్టినా ఆ తోపు పేరే రాసుకుంటున్నారు. కోచింగ్ సెంటర్లతో సహా.

బానిసగా అమ్ముడుపోయాడన్న మనిషి ఆ తర్వాత బానిసత్వం గురించి ఏం రాశాడని వెతికితే ఆశ్చర్యం కలుగుతుంది. గ్రీకులు గ్రీకుల్ని బానిసలు చేసుకోకూడదు అన్నాడు. అంతకుమించి ముందుకు పోలేదు.

పిరేయస్‌లో ఒక ఇల్లు

ప్లేటో రాసిన అన్నిటిలో పెద్ద పేరు తెచ్చుకున్నది రిపబ్లిక్. గ్రీకులో పొలిటేయా. ఇది సోక్రటీస్ కొందరితో రాత్రంతా మాట్లాడినట్టు రాసిన పుస్తకం. ఆ మాటలు జరిగే ఇంటిని ప్లేటో ఊరికే ఎంచుకోలేదు. పిరేయస్ ఓడరేవులో కెఫాలస్ అనే ముసలాయన ఇల్లు అది. కెఫాలస్ సిరాక్యూస్ నుంచి వచ్చిన మెటిక్. డాళ్లు తయారుచేసే కార్ఖానా వాళ్లది. ఇన్సాఫ్ అంటే ఏమిటన్న చర్చ ముందు ఆయనతోనే మొదలవుతుంది. నిజం చెప్పడం, అప్పు తీర్చడం అంటాడు ఆయన, వ్యాపారి కదా. తర్వాత ఆ మాటను ఆయన కొడుకు పోలెమార్కస్ అందుకుంటాడు.

ప్లేటో ఈ పుస్తకం రాసేనాటికి ఆ ఇంటికి ఏమైందో ఏథెన్స్‌లో అందరికీ తెలుసు. 404లో ముప్పైమంది ఆ ఇంటిమీద పడ్డారు. 700 డాళ్లు, వెండి, బంగారం, 120 మంది బానిసలు, అన్నీ తీసుకెళ్లారు. పోలెమార్కస్‌ని విచారణ లేకుండా విషం తాగించి చంపారు. అతని తమ్ముడు లిసియాస్ తప్పించుకుని, బతికి బట్టకట్టి, తర్వాత ఈ లెక్కలన్నీ కోర్టులో చెప్పాడు. చంపించిన ప్రభుత్వానికి నాయకుడు ప్లేటో మామ. అదే ఇంట్లో, అదే పోలెమార్కస్ ఎదురుగా కూర్చుని న్యాయం గురించి మాట్లాడుకుంటున్నట్టు ప్లేటో రాశాడు. వినేవాళ్లలో సొంత అన్నలు గ్లౌకాన్, అడిమాంటస్ ఉన్నారు. పుస్తకంలో ఎక్కడా ఆ హత్య ప్రస్తావన లేదు. అవసరం కూడా లేదు, చదివేవాళ్లకు ఆ ఇంటి పేరు చాలు.

చర్చ మధ్యలో థ్రాసిమాకస్ అనేవాడు విరుచుకుపడతాడు. బలవంతుడికి ఏది లాభమో దానికే న్యాయమని పేరు పెట్టారు, అంతకుమించి ఏమీ లేదంటాడు. ఆ కాలపు ఏథెన్స్‌ని చూసినవాడెవడైనా ఆ మాట కొట్టిపారెయ్యలేడు. దానికి జవాబుగానే సోక్రటీస్ నోటితో ప్లేటో ఒక ఊరు కట్టడం మొదలుపెట్టాడు.

ఆ ఊరికి పునాది మంచి జాగాలో పడింది. ఏ మనిషీ తన అవసరాలన్నీ తనే తీర్చుకోలేడు, అందుకే ఊరు పుట్టిందన్నాడు. రాజు వల్ల కాదు, యుద్ధం వల్ల కాదు, ఒకరికొకరు కావలసి రావడం వల్ల. తిండికి ఒక రైతు, ఇంటికి ఒక మేస్త్రీ, బట్టకు ఒక నేతగాడు, కాళ్లకు ఒక చెప్పులు కుట్టేవాడు. నలుగురో ఐదుగురో ఉంటే ఊరు మొదలైనట్టే. రైతు రోజులో నాలుగోవంతు పొలానికి, నాలుగోవంతు ఇంటికి, ఇంకో నాలుగోవంతు బట్టకు, మిగిలింది చెప్పులకు పెట్టుకోవడం మంచిదా, లేక అందరికీ సరిపడా ధాన్యం పండించి మిగతావి మార్చుకోవడం మంచిదా? మార్చుకోవడమే మంచిది. ఎందుకంటే మనుషులంతా ఒకే స్వభావంతో పుట్టరు, పైగా పనికి దాని వేళ ఉంటుంది, వేళ దాటితే పని చెడుతుంది. రైతుకు నాగలి కావాలి కాబట్టి వడ్రంగి, కమ్మరి వచ్చారు. సరుకు బయటినుంచి రావాలి కాబట్టి వర్తకులు, ఓడవాళ్లు వచ్చారు. బజారు, నాణెం, చిల్లర వ్యాపారి, ఒంటి బలం అమ్ముకునే కూలీ, అందరూ వచ్చారు.

సోక్రటీస్ ఇంకో శిష్యుడు జెనొఫోన్ కూడా దాదాపు అదే కాలంలో ఇలాంటి సంగతే రాశాడు. చిన్న ఊళ్లో మంచం, తలుపు, నాగలి, బల్ల అన్నీ ఒకడే చేస్తాడు, అయినా పని దొరికితే చాలనుకుంటాడు. పెద్ద నగరంలో అయితే మగవాళ్ల చెప్పులు ఒకడు, ఆడవాళ్లవి ఇంకొకడు, తోలు కోసేవాడు ఒకడు, కుట్టేవాడు మరొకడు. కామర్స్ చదివినవాళ్లకు ఇక్కడ ఆడమ్ స్మిత్ గుండుసూదుల కార్ఖానా గుర్తురాకుండా ఉండదు. 1776 నాటి ఆ పుస్తకంలో పదిమంది పని పంచుకుని రోజుకు 48,000 సూదులు చేస్తారు. కానీ ఇద్దరికీ ఒక పెద్ద తేడా ఉంది. మనుషుల స్వభావాలు వేరు కాబట్టి పనులు పంచాలని ప్లేటో అన్నాడు. తత్వవేత్తకీ మూటలు మోసేవాడికీ మధ్య తేడా పుట్టుకతో వచ్చింది చాలా తక్కువ, అలవాటు, చదువు, చేసే పని వల్ల వచ్చిందే ఎక్కువ అని స్మిత్ అన్నాడు. ముందు తేడా వచ్చి పని వచ్చిందా, పని వచ్చి తేడా వచ్చిందా? ప్లేటో కట్టిన ఊరు నిలబడేదీ పడిపోయేదీ ఈ ఒక్క ప్రశ్న మీదే.

మొదటి ఊళ్లో జనం సాదాగా బతుకుతారు. రొట్టెలు, ఉప్పు, ఆలివ్ కాయలు, జున్ను, అత్తిపళ్లు, శనగలు. అది విని గ్లౌకాన్ నవ్వాడు, పందుల ఊరికైతే ఇంతకన్నా వేరే మేత ఏం పెడతావని. సరే అని సోక్రటీస్ పరుపులు, అత్తర్లు, వంటవాళ్లు, మంగళ్లు, ఇంకా ఎక్కువమంది హకీములు, అన్నీ చేర్చాడు. అప్పుడు ఊరికి ఉన్న భూమి చాలలేదు. పక్క ఊరి భూమి మీద కన్ను పడింది. యుద్ధం వచ్చింది, సైనికులు వచ్చారు. యుద్ధం ఆశలోంచే పుడుతుందని, 27 ఏళ్ల యుద్ధం చూసిన మనిషి ఇంత మామూలుగా చెప్పేశాడు.

ఇక్కడినుంచి పుస్తకం మలుపు తిరుగుతుంది. చెప్పులు కుట్టడం ఒక పని అయితే కాపలా కాయడమూ ఒక పనే, పాలించడమూ ఒక పనే అన్నాడు ప్లేటో. అందరికీ రానిది, ఏళ్ల తరబడి నేర్చుకోవలసినది. ఊరు మూడు తరగతులైంది. పాలించేవాళ్లు, కాపలా కాసేవాళ్లు, మిగతా పనులన్నీ చేసేవాళ్లు. వడ్రంగీ చెప్పులు కుట్టేవాడూ పనిముట్లు మార్చుకుంటే ఊరికి పెద్ద నష్టం లేదు. కానీ పనివాడు సైనికుడి స్థానంలోకి, సైనికుడు పాలకుడి స్థానంలోకి ఎగబాకితే ఊరు నాశనమే. ఎవరి పని వాళ్లు చేసుకోవడమే ఇన్సాఫ్ అన్న మాట ఇక్కడే వచ్చింది.

దీన్ని నమ్మించడానికి ఒక కట్టుకథ కూడా చెప్పాలన్నాడు. నేల తల్లి కడుపులో మనుషులు తయారైనప్పుడు పాలించేవాళ్లలో బంగారం, సైనికుల్లో వెండి, రైతుల్లో పనివాళ్లలో ఇనుము, కంచు కలిపారని. అబద్ధమని తెలిసే చెప్పాలన్నాడు. అయితే పుట్టుకతోనే అంతా తేలిపోతుందని మాత్రం అనలేదు. కంచు తల్లిదండ్రులకు బంగారు బిడ్డ పుడితే పైకి తీసుకోవాలి, బంగారు ఇంట్లో కంచు బిడ్డ పుడితే జాలిపడకుండా కిందకు పంపాలి. ఇంకో కట్టుబాటు అయితే ఇవాళ్టి పాలకులు వింటే ఉలిక్కిపడతారు. పాలించేవాళ్లకు, కాపలావాళ్లకు సొంత ఆస్తి ఉండకూడదు. బంగారం, వెండి ముట్టుకోకూడదు. సొంత ఇల్లు, సొంత కుటుంబం లేకుండా అందరూ ఒకేచోట తినాలి, ఒకేచోట ఉండాలి. డబ్బంతా పనిచేసేవాళ్ల దగ్గరే ఉంటుంది, అధికారమంతా డబ్బులేనివాళ్ల దగ్గర ఉంటుంది. తన మామలు మెటిక్‌ల ఇళ్లు ఎందుకు దోచారో చూసినవాడు పెట్టిన షరతు ఇది. కుటుంబమే ఉండకూడదన్నది మాత్రం ఏ కాలంలోనూ మనుషులు ఒప్పుకునే మాట కాదు, అరిస్టాటిల్ కూడా ఒప్పుకోలేదు.

ఖుర్తుబా నుంచి హైదరాబాద్ దాకా

ఆడవాళ్ల విషయంలో మాత్రం ప్లేటో తన కాలాన్ని దాటి చాలా దూరం పోయాడు. పిల్లల్ని కనడం తప్ప పాలనకు సంబంధించిన స్వభావంలో ఆడా మగా తేడా లేదన్నాడు. బట్టతలవాళ్లు చెప్పులు కుడుతున్నారు కాబట్టి జుట్టున్నవాళ్లు కుట్టకూడదంటే ఎంత తమాషాగా ఉంటుందో, ఆడవాళ్లు పాలించకూడదనడం అంత తమాషా అన్నాడు. ఏథెన్స్‌లో పెద్దింటి ఆడవాళ్లు గడప దాటని రోజుల్లో ఇది మామూలు మాట కాదు. అకాడమీలో అక్సియోథియా, లాస్తెనియా అని ఇద్దరు స్త్రీలు చదువుకున్నారని కూడా పాత రాతల్లో ఉంది.

ఈ మాటను అందరికన్నా గట్టిగా పట్టుకున్నది పదిహేను వందల ఏళ్ల తర్వాత ఒక ముస్లిం ఖాజీ. ఖుర్తుబాకు చెందిన ఇబ్న్ రుష్ద్ (1126–1198). రాజనీతి మీద అరస్తూ రాసిన పుస్తకం తనకు దొరక్కపోవడంతో ఆయన అఫ్లాతూన్ రిపబ్లిక్ మీద వ్యాఖ్యానం రాశారు. తన కాలపు నగరాల్లో ఆడవాళ్లను కనడానికీ పెంచడానికీ మాత్రమే పరిమితం చేశారని, వాళ్ల శక్తి ఏమిటో తెలియకుండానే పోతోందని, సగం జనాభా పనికి దూరమై భారంగా మారడం ఆ నగరాల పేదరికానికి ఒక కారణమని అందులో చెప్పారు. ఆ వ్యాఖ్యానం అరబీ మూలం ఇప్పుడు లేదు, హీబ్రూ అనువాదంలో బతికింది. ఆయనకన్నా ముందు, 950లో కన్నుమూసిన అల్ ఫారాబీ మంచి నగరం మీద పెద్ద పుస్తకమే రాశారు. ఒంటరి మనిషి తన అవసరాలు తీర్చుకోలేడన్న అదే చోట ఆయనా మొదలుపెట్టి, నగరాన్ని ఆరోగ్యమైన శరీరంతో, పాలకుణ్ని గుండెతో పోల్చారు.

హైదరాబాద్‌కి కూడా ఇందులో వాటా ఉంది. 1897లో ఇక్కడ పుట్టి, తర్వాత దేశానికి రాష్ట్రపతి అయిన డాక్టర్ జాకిర్ హుస్సేన్ గారు ఈ రిపబ్లిక్‌ని రియాసత్ పేరుతో ఉర్దూలోకి తెచ్చారు. ఆలోచించేవాడు వేరు, చేతులతో పనిచేసేవాడు వేరు అని చెప్పే పుస్తకం అది. దాన్ని అనువాదం చేసిన ఆయనే 1937లో గాంధీజీ వార్ధా విద్యా పథకం కమిటీకి అధ్యక్షత వహించారు. ఆ పథకంలో ప్రతి పిల్లవాడూ ఒక చేతిపని నేర్చుకోవాలి, చదువంతా ఆ పని చుట్టూనే సాగాలి. ప్లేటో గీసిన గీతను ప్లేటో అనువాదకుడే బడిలో చెరిపెయ్యాలనుకున్నారన్నమాట.

ప్లేటోకి ఎదురు వాదన ప్లేటో పుస్తకాల్లోనే దొరకడం ఇంకా పెద్ద విశేషం. ప్రొటాగొరస్ అనే రచనలో సోక్రటీస్ ఒక అనుమానం అడుగుతాడు. ఓడ కట్టాలంటే ఏథెన్స్ సభ ఓడల మేస్త్రీలనే పిలుస్తుంది, పని తెలియనివాడు మాట్లాడితే నవ్వి దింపేస్తుంది. మరి ఊరు నడపడం దగ్గరికొచ్చేసరికి కమ్మరి, వడ్రంగి, వర్తకుడు, ఉన్నవాడు, లేనివాడు అందరినీ ఎందుకు మాట్లాడనిస్తుంది? దానికి ప్రొటాగొరస్ గ్రీకుల పురాణ కథ ఒకటి చెప్పి జవాబిస్తాడు. మనుషులకు విద్యలు పంచినప్పుడు ఒక్కో విద్య కొందరికే ఇచ్చారు, ఊరికి ఒక వైద్యుడుంటే చాలు. కానీ న్యాయబుద్ధి, సిగ్గు అనేవి పంచే వేళకు మాత్రం అందరికీ పంచమని ఆజ్ఞ అయింది, ఎందుకంటే అవి కొందరికే ఉంటే ఊళ్లే నిలబడవు. ప్లేటోకి ఈ జవాబు నచ్చలేదు. అయినా ఎదుటివాడి మాటను ఇంత అందంగా రాసిపెట్టాడు. రిపబ్లిక్‌లో దీన్ని ఎక్కడా నేరుగా ఓడించలేదు కూడా. రైతు అవసరంతో, నేతగాడి అవసరంతో మొదలైన ఊళ్లో చివరికి రైతుకీ నేతగాడికీ నోరు లేకుండా పోయింది. వాళ్ల చదువు ఎలా ఉండాలో కూడా పుస్తకంలో దాదాపు ఏమీ లేదు. మరి వాళ్ల ఇళ్లలో పుట్టే బంగారు బిడ్డను ఎవరు, ఎప్పుడు, ఎలా గుర్తుపడతారు?

మళ్లీ సిరాక్యూస్

తత్వవేత్త రాజు కావాలి, లేదా రాజు తత్వవేత్త కావాలి అని రాసినవాడికి ఆ మాట నిరూపించుకునే పిలుపు అరవై ఏళ్ల వయసులో వచ్చింది. 367లో సిరాక్యూస్ నియంత చనిపోయాడు. కొడుకు రెండో డయోనీసియస్ గద్దె ఎక్కాడు. వచ్చి కొత్త రాజుకు చదువు చెప్పమని డియాన్ కబురు పంపాడు. ప్లేటో బయల్దేరాడు. సరిగ్గా ఆ ఏడాదే పదిహేడేళ్ల అరిస్టాటిల్ అకాడమీలో చేరడానికి ఏథెన్స్ వచ్చాడు.

రాజుకు చదువుకన్నా చదువుకున్నవాడన్న పేరు మీద మోజు ఎక్కువ. కొన్ని నెలలకే డియాన్ మీద కుట్ర అనుమానం పెట్టి దేశం నుంచి వెళ్లగొట్టాడు. ప్లేటోని మాత్రం కోటలోనే మర్యాదగా ఆపేశాడు. ఎలాగో బయటపడి వచ్చినవాడు 361లో మళ్లీ వెళ్లాడు, డియాన్‌కి మేలు జరుగుతుందన్న ఆశతో. ఈసారి పరిస్థితి ఇంకా చెడింది. జీతగాళ్లైన సైనికుల మధ్య ప్రాణభయంతో గడపాల్సి వస్తే, పాత స్నేహితుడు అర్కిటస్ టరెంటమ్ నుంచి ఓడ పంపి విడిపించాడు. 357లో డియాన్ సైన్యంతో వచ్చి సిరాక్యూస్ పట్టుకున్నాడు. 354లో కల్లిపస్ చేతిలో హత్య అయ్యాడు. ఆ కల్లిపస్ ఏథెన్స్ వాడే, అకాడమీ మనుషులతో తిరిగినవాడే. మంచివాళ్లను ఎంచుకుని అధికారం ఇస్తే అంతా బాగుంటుందనుకున్నవాడికి ఇంతకన్నా పెద్ద దెబ్బ ఉండదు. ఆ మంచివాళ్లను ఎంచుకున్నది కూడా తనే.

ముసలితనంలో ప్లేటో చట్టాలు అనే పెద్ద పుస్తకం రాశాడు. అందులో తత్వవేత్త రాజు లేడు, రాజు మీద కూడా చట్టమే ఉంటుంది. 5040 కుటుంబాల ఊరు, ప్రతి కుటుంబానికీ అమ్మడానికి వీల్లేని భూమి వాటా. ఎంత సంపాదించినా ఆ వాటా విలువకు నాలుగు రెట్లు మించి ఎవరికీ ఉండకూడదు. పేదరికం, అతి సంపద రెండూ ఊరిని చీలుస్తాయని అప్పటికి గట్టిగా నమ్మాడు. కానీ పని విషయంలో ఇంకా బిగుసుకుపోయాడు. పౌరుడు అసలు చేతిపని చెయ్యకూడదు, చేతిపనులు బయటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు, పొలం పని బానిసలకు. బయటివాడైనా కమ్మరి వడ్రంగం చెయ్యకూడదు, వడ్రంగి కమ్మరం చెయ్యకూడదు. మెటిక్ ఇంట్లో మొదలైన ఆలోచన మెటిక్‌కి సభలో చోటు ఇవ్వకుండానే ముగిసింది.

ప్లేటో క్రీ.పూ. 348లోనో 347లోనో, ఎనభై దాటాక చనిపోయాడు. పెళ్లి చేసుకోలేదు, పిల్లలు లేరు. అకాడమీని అక్క కొడుకో చెల్లెలి కొడుకో అయిన స్పూసిపస్, అంటే పొటోని బిడ్డ, తీసుకున్నాడు. ఇరవై ఏళ్లు అక్కడే గడిపిన అరిస్టాటిల్ ఊరు విడిచిపోయాడు.

అతని వీలునామాను తర్వాతి కాలంలో డయోజెనీస్ లెర్షియస్ రాసిపెట్టాడు. వ్యాపారి చిట్టాలాగా చాలా శుభ్రంగా ఉంటుంది. రెండు పొలాలు, వాటికి ఏ దిక్కున ఎవరి హద్దులో వివరంగా. వాటిలో ఒకటి అమ్మకూడదు, అడిమాంటస్ అనే కుర్రాడికి చెందాలి, పేరు పెద్దన్నదే. మూడు మినాల వెండి. ఒక వెండి పాత్ర, ఒక గిన్నె, ఒక బంగారు ఉంగరం, చెవిపోగు. తను ఎవరికీ ఒక్క పైసా బాకీ లేడు. తనకు రావలసిన బాకీ ఒకటుంది. రాళ్లు చెక్కే యూక్లిడీస్ మూడు మినాలు ఇవ్వాలి. మినాకు నూరు ద్రాక్మాలు. అంటే ఆ రాళ్ల పనివాడు మూడు వందల ద్రాక్మాలు ప్లేటో ఖాతాలో బాకీ ఉన్నాడు.

ఆ తర్వాత మనుషుల లెక్క. ఆర్టెమిస్ అనే బానిస స్త్రీకి విడుదల రాశాడు. టైకాన్, బిక్టాస్, అపొల్లోనిడీస్, డయోనీసియస్, ఈ నలుగురు ఇంటి పనివాళ్లను మాత్రం పొలాలతో, వెండి పాత్రతో పాటు వెనక వచ్చేవాళ్లకు వదిలివెళ్లాడు.